ప్రవాహ అవకలజాల గణన: భద్రాచలం గోదావరి

ప్రవాహ అనుకరణ సాఫ్ట్‌వేర్‌లో నీటిమట్టం, వేగం వంటివి చోటును బట్టి ఎంత త్వరగా మారుతున్నాయో చెప్పేది అవకలజం. భద్రాచలం వద్ద గోదావరికి 43, 48, 53 అడుగుల దగ్గర ప్రమాద హెచ్చరికలు జారీ చేస్తారు; 2022 జులైలో మట్టం 71 అడుగులు దాటింది. ప్రవాహం లెక్కించడానికి మట్టం ఒక్కటి తెలిస్తే చాలదా? చాలదు. మట్టపు అవకలజం, అంటే నీటి ఉపరితలం వాలు కూడా కావాలి. వరద పెరిగేటప్పుడు ఈ వాలు ఎక్కువ, తగ్గుముఖం పట్టినప్పుడు తక్కువ. అందుకే అదే మట్టం దగ్గర ప్రవాహం వేరుగా ఉంటుంది. దిగువన కూనవరం దగ్గర కలిసే శబరి పోటెత్తినా ఈ వాలు తగ్గుతుంది.

సాఫ్ట్‌వేర్ నదిని చిన్న గడులుగా విడదీస్తుంది. వాలును గ్రీన్-గాస్ పద్ధతిలో గడి అంచుల విలువల నుంచో, కనిష్ఠ వర్గ పద్ధతిలో పొరుగు గడుల తేడాల నుంచో లెక్కిస్తారు. నది వంపుల్లోని వంకర గడులకు రెండోదే నయం: సరళరేఖలా మారే మట్టాన్ని అది లోపం లేకుండా పట్టుకుంటుంది. గడులు చిన్నవైతే ఏ పద్ధతైనా ఒకటేనన్నది సగం నిజమే. గడుల వంకరతనం తగ్గనంతవరకూ సాదా గ్రీన్-గాస్ లోపం మిగిలిపోవచ్చు.