పోయిన బొమ్మలు, మిగిలిన మాటలు

1966వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీ, శనివారము సాయంకాలము. బ్రిటన్‌లో లక్షలాది పిల్లలు టెలివిజన్ ముందు చేరియుండిరి. మూడేండ్లుగా వారెరిగిన 'డాక్టరు' అను వృద్ధుడు తన నౌకలో నేలపై పడిపోయెను. వారు చూచుచుండగనే ఆయన ముఖము మెల్లగా వేరొక ముఖముగా మారిపోయెను. విలియం హార్ట్‌నెల్ అను నటుని స్థానమున పాట్రిక్ ట్రౌటన్ అను నటుని తెచ్చుటకు పన్నిన యుక్తి అది. ఆ యుక్తివలననే కథ దశాబ్దములపాటు సాగగలిగెను.

ఇంత ముఖ్యమైన ఆ భాగమును బి.బి.సి. వారు భద్రపరచలేదు. ముఖము మారిన కొద్ది క్షణముల దృశ్యము మాత్రము, 1973లో మరియొక పిల్లల కార్యక్రమమున చూపబడినందున మిగిలినది. అయినను అందలి ధ్వని యావత్తు మొదటినుండి చివరివరకు మనకు దక్కినది. దక్కించినవారు ప్రసార సంస్థవారు కారు. ఇంట టేప్ రికార్డరు ప్రక్కన కూర్చున్న అభిమానులు. ఈ వ్యాసము వారి చరిత్ర.

'డాక్టర్ హూ' అను ఈ ధారావాహిక 1963 నవంబరు 23న ఆరంభమయ్యెను. అంతకు ముందురోజుననే అమెరికా అధ్యక్షుడు కెనెడీ హతుడైయుండెను. ఎల్లరి మనస్సులు ఆ వార్తపై నుండుటచే, మొదటి భాగమును మరుసటి వారము మరల ప్రసారము చేసిరి. డాక్టరు నౌక వెలుపలికి పోలీసువారి టెలిఫోను పెట్టెవలె చిన్నది, లోపల మిక్కిలి విశాలమైనది. అది కాలములో ముందునకును వెనుకకును పోగలదు. అదే డిసెంబరులో 'డాలెక్కులు' అను లోహకవచధారులైన శత్రువులు ప్రవేశించిన పిమ్మట పిల్లలు ఈ కథను విడువజాలకపోయిరి.

ఇంతటి జనాదరణ గల దానిని ఏల చెరిపివేసిరి? కారణము టేపులోనే కలదు. ఆనాటి వీడియో టేపు రెండంగుళముల వెడల్పు గల పట్టీ. దానిపై పూసిన ఐరన్ ఆక్సైడు కణములను అయస్కాంత క్షేత్రము ఒక క్రమమున నిలుపును. ఆ క్రమమే బొమ్మ. బలమైన మరియొక క్షేత్రమును సోకించినచో ఆ క్రమము చెదరి, పట్టీ మరల వాడుకకు సిద్ధమగును. టేపు ఖరీదైనది, నటుల ఒప్పందములు పునఃప్రసారములను పరిమితము చేసెను, రంగుల టెలివిజన్ వచ్చుటతో నలుపు తెలుపు కార్యక్రమములకు విలువ తగ్గెను. ఇండ్లలో వీడియో యంత్రములు లేని ఆ రోజులలో, పాత కార్యక్రమమును మరల చూడగోరువారుందురని ఎవరును ఊహింపలేదు. విదేశములకు అమ్ముటకై తీసిన 16 మిల్లీమీటర్ల ఫిల్ము ప్రతులను సైతము 1978 వరకు నాశనము చేయుచునే వచ్చిరి. 1963-69 మధ్య ప్రసారమైన భాగములు 253. వానిలో 97 భాగములు 2013 చివరకును దొరకలేదు.

ఇక అభిమానుల పని చూడుడు. చూచిన కథను మరల వినవలెనను కోరికతో కొందరు, వారిలో బడిపిల్లలును గలరు, టెలివిజన్ స్పీకరు వద్ద మైక్రోఫోను పెట్టి ధ్వనిని టేపుపై పట్టుకొనిరి. గదిలో ఎవరైన దగ్గినను ఆ దగ్గు టేపులోనికి ఎక్కును గనుక ఇంటివారందరు నిశ్శబ్దముగా నుండవలసి వచ్చెడిది. విద్యుత్పరిజ్ఞానము గలవారు స్పీకరు తీగలకే రికార్డరును తగిలించి శుద్ధమైన ధ్వనిని పొందిరి. ఒకరు విడిచిన భాగము మరియొకరి వద్ద నుండెను. ఇట్లు పోయిన భాగములన్నిటి ధ్వనియు మిగిలెను.

జాన్ కూరా అను ఛాయాచిత్రకారుడు తెరపై బొమ్మలను ఫోటోలు తీసి నటులకు, దర్శకులకు అమ్ముచుండెను. ఇది తేలికైన పని కాదు. బ్రిటన్ టెలివిజన్‌లో పూర్తి బొమ్మ ఏర్పడుటకు సెకండులో 25వ వంతు పట్టును. కెమెరా తలుపు అంతకన్న త్వరగా మూసుకొన్నచో సగము బొమ్మయే పడును. ఆలస్యమైనచో కదలుచున్న మనిషి అలుకుకొనిపోవును. ఈ ఫోటోలను ఆ ధ్వనితో జతపరచినప్పుడు పోయిన కథకు ఒక ఆకారము ఏర్పడెను.

అయితే ఒక్కొక్కరు ఒంటరిగా దాచుకొన్నంతకాలము అది ముచ్చట మాత్రమే. 1976లో అభిమానులు ఒక సంఘముగా ఏర్పడిరి. మరుసటి ఏడు లండనులో ఒక చర్చి హాలులో సభ జరుపుకొనిరి. తనకొక్కనికే ఈ పిచ్చి యున్నదని సిగ్గుపడిన బాలునికి తనవంటివారు పలువురు కనబడిరి. ముచ్చట అన్వేషణగా మారెను. ఏ భాగము ఏ దేశమునకు అమ్ముడైనది, ప్రతులు తిరిగివచ్చినవా లేదా అని పట్టికలు వ్రాసి వెదకసాగిరి. 1983లో లండనులోని ఒక చర్చి నేలమాళిగలో రెండు భాగములు దొరికెను. 1992లో హాంకాంగు నుండి ఒక కథ యావత్తు, నాలుగు భాగములు, తిరిగివచ్చెను. 2013లో నైజీరియాలోని జోస్ నగరమున దొరికిన తొమ్మిది భాగములు ప్రకటింపబడెను.

ఇంకొక చిత్రమైన సంగతి. 1970 తరువాతి రంగుల కథలు కొన్నింటికి నలుపు తెలుపు ఫిల్ము ప్రతులే మిగిలినవి. 1971 నాటి 'ది డీమన్స్' అను కథకు, అమెరికాలో ఒక అభిమాని ఇంట రికార్డు చేసికొన్న టేపు నుండి రంగును తీసి, ఫిల్ములోని స్పష్టమైన బొమ్మపై 1992లో అమర్చిరి. అట్టి టేపును లేనిచోట ఏమి చేయుట? బ్రిటన్ రంగుల ప్రసారములో రంగు సమాచారము సెకండునకు సుమారు 44 లక్షల 30 వేల కంపనములు గల తరంగముగా బొమ్మతో కలిసి వచ్చును. దానిని వడపోయకుండ ఫిల్ము తీసినచోట ఆ తరంగము సన్నని చుక్కలుగా ముద్రపడెను. ఏ రంగన్నది తరంగపు దశను బట్టియు, ఎంత గాఢమన్నది దాని ఎత్తును బట్టియు తెలియును. ఇంజనీరులును అభిమానులును కలిసి ఆ చుక్కలను కంప్యూటరుతో చదివి రంగును రాబట్టిరి. అంతవరకు దోషమనుకొన్న చుక్కలే నిధియయ్యెను!

1989లో ధారావాహిక ఆగిపోయెను. 2005లో దానిని మరల నడిపించిన రచయిత రసెల్ టి. డేవీస్ బాల్యమునుండి దాని అభిమానియే. 1974లో పదునైదేండ్ల బాలుడొకడు దీనిని మెచ్చుకొనుచు 'రేడియో టైమ్స్' పత్రికకు జాబు వ్రాసెను. అతడు పీటర్ కాపాల్డి. 2013లో డాక్టరు పాత్ర అతనికే లభించెను.

మొదట చెప్పిన ఆ రాత్రి తరువాతి వారము, కొత్త డాక్టరు తొలికథ ఆరంభమయ్యెను. దాని ఆరు భాగములును పోయినవే. 2016లో, సరిగా ఏబదియేండ్లకు, అభిమానులు దాచిన ధ్వనికి కొత్తగా బొమ్మలు గీసి దానిని విడుదల చేసిరి. ఆనాడు ఊపిరి బిగబట్టి రికార్డరు మీట నొక్కిన బాలుడు తాను చరిత్రను కాపాడుచున్నానని ఎరుగడు. అతడెరిగినది ఒక్కటే: ఈ కథ తనకు మరల వినవలెను.

మన ఇండ్ల అటకలపైనను పాత క్యాసెట్లు ఉండవచ్చును. అయస్కాంతపు ముద్ర శాశ్వతము కాదు. తేమ, బూజు దానిని తినివేయును. పారవేయుటకు ముందు ఒక్కమారు విని చూడుడు. అందలి కంఠము మరియెక్కడను మిగిలియుండక పోవచ్చును.