ఒక కడుపున పుట్టిన రెండు రాజ్యములు

పండుగనాడు నేతిలో వేయించి పాయసములో వేసికొను జీడిపప్పు ఏ దేశపు చెట్టున కాచినదని మనలో అడుగువారు అరుదు. ఆ చెట్టు మన దేశపుది కాదు. పోర్చుగీసువారు బ్రెజిల్ నుండి తెచ్చి మన పడమటి కోస్తాలో నాటినది. మలయాళీలు నేటికిని దానిని ‘పరంగిమావు’ అందురు. మహారాష్ట్రమున స్థిరపడిన మనవారు ఇరుగుపొరుగుల వెంట ‘కాజు’ అనుచున్నారు. అదియు పోర్చుగీసు మాటయే. కొల్లము, మంగళూరు, పలాస మొదలగు చోట్ల గల కార్ఖానాలకు ఇప్పుడు మన తోటలలో పండు గింజ చాలదు. ఆఫ్రికా నుండి ఓడలకొలది ముడిగింజ దిగుమతి యగుచున్నది. ఆ గింజను పంపు దేశములలో గినీ బిస్సావు ఒకటి. దాని ఎగుమతులలో నూటికి తొంబది వంతుల వరకు ఈ జీడిగింజయే. అందు పెద్దభాగము చిరకాలము మన దేశమునకే వచ్చినది. మన వంటయింటికి ఇంత చేరువగా ఉన్న దేశమును గూర్చి మనము ఎరిగినది ఏమియు లేకుండుట మాకు కొంత సిగ్గుగా తోచి, ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

గినీ బిస్సావు కథను ఒంటరిగా చెప్పుటకు వీలు లేదు. దానికి ఒక తోబుట్టువు గలదు. అది సెనెగల్ తీరమునకు సుమారు 600 కిలోమీటర్ల దూరమున అట్లాంటిక్ సముద్రములోనున్న కేప్ వెర్డీ ద్వీపసముదాయము. ఈ రెండింటిని ఒకే ప్రభుత్వము ఏలినది, ఒకే పార్టీ విడిపించినది, ఒకే మహాపురుషుడు ఒక రాజ్యముగా చేయదలచెను. నేడు ఒకటి ఆఫ్రికాలో సుస్థిరతకు పేరు మోసినది. రెండవది సైనిక కుట్రలకు. ఇట్లేల జరిగెనన్నదే మా ప్రశ్న.

పైపైన చూచువారు కేప్ వెర్డీ భాగ్యశాలి యనుకొందురు. అది పొరపాటు. ‘పచ్చని అగ్రము’ అను అర్థముగల ఆ పేరు ఆఫ్రికా తీరమునగల ఒక భూశిరస్సుది. ద్వీపములకు అది ఎరువు సొమ్ము. పది ద్వీపములు, 4,033 చదరపు కిలోమీటర్లు, అందు దున్నుటకు పనికివచ్చు నేల పదవవంతు. వాన వచ్చిన వచ్చును, లేకున్న సంవత్సరముల తరబడి రాదు. 15వ శతాబ్దమున పోర్చుగీసువారు చేరునప్పటికి అక్కడ మనుష్య సంచారము లేదు. 1462లో వారు సాంతియాగో ద్వీపమున రిబేరా గ్రాంద్ పట్టణమును కట్టి, ఎదుటి తీరమునుండి బానిసలను తెచ్చి అమ్మిరి. దొరలకును బానిసలకును పుట్టిన సంతతియే ఆ ద్వీపముల ప్రజ. ఇరువురి పలుకుల కలయికయే వారి క్రియోలు భాష.

ఆ ప్రజ పడిన కరవులను తలచిన మనకు 1943 నాటి వంగదేశపు క్షామము గుర్తువచ్చును. కాలముకూడ ఇంచుమించు అదే. 1941 మొదలు 1943 వరకు ఒకసారి, 1947, 1948లలో మరియొకసారి వాన కురియలేదు. 1940లో సుమారు 1,80,000 ఉన్న జనాభా 1950 నాటికి 1,50,000కు లోపుగా దిగినది. లిస్బను ప్రభుత్వము సహాయము పంపుటకు మారుగా, బ్రతికినవారిని సావ్ తోమె ద్వీపపు కోకో తోటలకు కూలి ఒడంబడికలపై పంపినది. అంతకు ముందునుండియు మగవారు తిమింగిలముల వేటకు వచ్చు అమెరికా ఓడలనెక్కి న్యూ ఇంగ్లండునకు పోవుచుండిరి. నేడు ద్వీపములలో ఉన్నవారు సుమారు 5 లక్షలు. బయటి దేశములలోని వారి సంతతి అంతకంటె ఎక్కువ. ఎడబాటును పాడు ‘మోర్న’ అను పాట వారి జాతీయ గానము వంటిది. సెసారియా ఎవోరా (1941–2011) దానిని ప్రపంచమునకు వినిపించినది. తాతల ఊరిని పాటలలోను పెండ్లి పిలుపులలోను నిలుపుకొను మనవంటివారికి ఆ పాట అర్థము కాకున్నను దాని బాధ అర్థమగును.

గినీ బిస్సావు ఇందుకు పూర్తిగా వేరు. 36,125 చదరపు కిలోమీటర్ల నేల, నదులు, మడ అడవులు, సమృద్ధిగా వాన. ఉప్పునీటి బురదకు గట్లువేసి బలాంతా జాతివారు పండించు వరి, చూచిన కృష్ణా గోదావరి డెల్టా రైతు మెచ్చదగినది. బలాంతా, ఫుల, మండింగ, పపేల్, మంజాకు మొదలగు అనేక జాతులు, ఎవరి భాష వారిది. పోర్చుగీసువారికి చిరకాలము కొన్ని కోటలు తప్ప లోపలి నేలపై అధికారము లేదు. 1879 వరకు ఆ కోటలను కేప్ వెర్డీ నుండియే పాలించిరి. దేశమంతయు వారి చేజిక్కుట 1915 ప్రాంతమున. బిజాగోస్ దీవులు 1936 వరకు లొంగలేదు.

ఇక్కడనే చీలికకు బీజము పడినదని మా అభిప్రాయము. గినీ ప్రజలను చట్టము ‘నేటివులు’ అని వేరుచేసి, పౌరసత్వము ఇయ్యక, వెట్టిచాకిరికి లోబరచినది. ఈ చట్టము 1961 వరకు నడిచినది. కేప్ వెర్డీవారికి అది వర్తింపలేదు, వారు పౌరులు. సావ్ నికొలావ్ ద్వీపమున 1866లోనే సెమినరీ వెలసినది, మిందేలు రేవులో 1917లో ఉన్నత పాఠశాల వచ్చినది. అచ్చటినుండి ‘క్లారిదాద్’ అను సాహిత్య పత్రిక 1936లో వెలువడినది. గినీలో అట్టిదేదియు లేదు. కావున గినీలో పన్ను వసూలు చేయు గుమాస్తా, దుకాణదారు, చిన్న అధికారి చాలమట్టుకు కేప్ వెర్డీ మనిషి. తెల్లదొర దూరముననున్నాడు, రైతు ఎదుట కనబడు ప్రభుత్వము ఈ గోధుమవర్ణపు గుమాస్తాయే.

అట్టి కుటుంబమున, గినీలోని బఫాతాలో, 1924లో అమిల్కార్ కబ్రాల్ జన్మించెను. తలిదండ్రులు ద్వీపవాసులు. మిందేలులో చదివి, కరవును కన్నులార చూచి, లిస్బనులో వ్యవసాయశాస్త్రమభ్యసించి, 1952లో గినీకి ఉద్యోగియై వచ్చెను. 1953లో ఆ దేశపు వ్యవసాయ గణనను నిర్వహించుచు ఊరూర తిరిగెను. తనను పంపిన ప్రభుత్వమునకు లెక్కలు ఇచ్చెను, తాను మాత్రము ప్రజలను నేర్చుకొనెను. 1956లో కొలదిమంది మిత్రులతో రెండు దేశముల స్వాతంత్ర్యమునకై పి.ఏ.ఐ.జి.సి. అను పార్టీని స్థాపించెను. 1959 ఆగస్టు 3న బిస్సావు రేవులో సమ్మె చేసిన కూలీలపై పోలీసులు కాల్పులు జరుపగా, శాంతిమార్గము మూసికొనిపోయినదని ఆ పార్టీ నిశ్చయించెను. ఫ్రెంచివారు యానామును 1954లో విడిచిపోయిరి. పోర్చుగీసువారు గోవాను 1961 డిసెంబరులో సైన్యము వచ్చువరకు విడువలేదు. ఆ పట్టుదల ఆఫ్రికాలో ఇంకను క్రూరముగా నుండెను.

1963 జనవరిలో యుద్ధము మొదలై పదకొండేండ్లు సాగినది. సాగినది గినీ నేలమీద, గినీ రైతుల నెత్తుటితో. ద్వీపములలో దాగుటకు అడవి లేదు; అక్కడ తుపాకి ప్రేలలేదు. కబ్రాల్ 1973 జనవరి 20న కొనాక్రిలో స్వపక్షమువారి చేతనే హతుడయ్యెను. ద్వీపవాసులపై గినీవారిలో రగులుచున్న అసూయను పోర్చుగీసు గూఢచారులు వాడుకొనిరని పలువురి నమ్మకము. ఆ యేడే సెప్టెంబరు 24న గినీ స్వతంత్రమైనట్లు ప్రకటించుకొనెను. 1974 ఏప్రిల్‌లో లిస్బనులో సైనికులే తిరుగబడి నియంతృత్వమును కూల్చిరి. ఆఫ్రికా యుద్ధములలో అలసినవారే అందు ముందుండిరి. కేప్ వెర్డీ 1975 జూలై 5న స్వతంత్రమయ్యెను. గినీ రైతు ఎత్తిన బరువునకు ద్వీపవాసికికూడ ఫలము దక్కినదనుట అతిశయోక్తి కాదు. వారి సౌభాగ్యమును పొగడునప్పుడు ఈ ఋణమును మరచుట న్యాయము కాదు.

రెండు రాజ్యములకు ఒకే పార్టీ, ఒకే గీతము, ఇంచుమించు ఒకే పతాకము. గినీకి కబ్రాల్ సవతితమ్ముడు లూయిస్ కబ్రాల్ అధ్యక్షుడు. కేప్ వెర్డీకి అరిస్తిదేస్ పెరేరా. ఐక్యత కాగితముపై నడచుచుండగా, బిస్సావులో బియ్యము దొరకుట లేదు. వరి పండించు దేశమున వరికే కరవు! ప్రభుత్వ దుకాణములు రైతుకు తగిన ధర ఇయ్యవు. రైతు గింజను సరిహద్దు దాటించును. మునుపు పోర్చుగీసు సైన్యమున పనిచేసిన నల్లసైనికులను రహస్యముగా చంపి పూడ్చిన గోతులును పిదప బయటపడినవి. 1980 నవంబరు 14న యుద్ధవీరుడు, ప్రధానమంత్రియునైన జువావ్ బెర్నార్దో వియేరా, ‘నీనో’ అని పిలువబడువాడు, లూయిస్ కబ్రాల్‌ను కూలద్రోసెను. వీధులలో సంతోషించినవారు తక్కువ కాదు; గుమాస్తాల ఏలుబడి పోయినదని వారు తలచిరి. 1981 జనవరిలో కేప్ వెర్డీ నాయకులు తమ పార్టీకి వేరుపేరు పెట్టుకొనిరి. ఐక్యత అంతటితో సరి.

తరువాత ఎవరి త్రోవ వారిది. కేప్ వెర్డీవారు బీదతనమును లెక్క వ్రాసికొని బ్రతుకువారివలె మెలగిరి. విదేశములు ఉచితముగా ఇచ్చిన ధాన్యమును పంచిపెట్టక దుకాణములలో అమ్మి, ఆ డబ్బుతో కరవుపనులు సాగించి, కొండవాలున మెట్లు, వాగులకు అడ్డుకట్టలు కట్టించిరి. వలసపోయినవారు పంపు డబ్బు ఇంటికి చేరుటకు బ్యాంకులను నమ్మదగినవిగా ఉంచిరి. అంతయు మంచియే యని మేము అనము. పదునైదేండ్లు ఏకపార్టీ పాలనయే. 1981లో సాంతో అంతావ్ ద్వీపమున భూసంస్కరణను ఎదిరించిన జనముపై సైనికులు కాల్చిరి. ఐనను 1991 జనవరిలో జరిగిన మొదటి బహుపక్ష ఎన్నికలలో ఆ పార్టీ చిత్తుగా ఓడి, మారుమాట లేక దిగిపోయెను. 2001లో తిరిగి వచ్చెను. ఆ యేటి అధ్యక్ష ఎన్నికలో పెద్రో పిరేస్ కార్లోస్ వేగాపై గెలిచినది 12 ఓట్లతో! మన సంఘముల కార్యవర్గ ఎన్నికలలో సైతము 12 ఓట్ల తేడాకు ఎంత రభస జరుగునో పాఠకులెరుగుదురు. అచ్చట న్యాయస్థానము తేల్చెను, ఓడినవాడు ఇంటికి పోయెను. 2007 చివర ఐక్యరాజ్యసమితి ఆ దేశమును అత్యల్పాభివృద్ధి దేశముల పట్టికనుండి తొలగించెను. 2024 జనవరిలో మలేరియా లేని దేశముగా ప్రపంచ ఆరోగ్యసంస్థ గుర్తించెను.

గినీ బిస్సావు కథ చెప్పుటకు కష్టము. 1986లో మాజీ ఉపాధ్యక్షుడు పావులో కొర్రెయా మొదలగు ఆరుగురిని కుట్ర నెపమున కాల్చి చంపిరి. 1994లో ఎన్నికలు జరిగినవి. 1998 జూన్‌లో నీనోకును ఆయన సేనానికిని చెడి, పదకొండు నెలలు రాజధానిలోనే ఫిరంగులు మ్రోగినవి. 2003లో ఒక కుట్ర. 2005లో నీనో ఓట్లతో తిరిగివచ్చి, 2009 మార్చి 2న, సేనాధిపతి బాంబుచే మడిసిన కొన్ని గంటలకే, సైనికుల చేత చచ్చెను. 2012 ఏప్రిల్‌లో రెండు విడతల ఎన్నికల నడుమ మరియొక కుట్ర. 2014లో ఎన్నికైన జోసె మారియు వాజ్ గడువు నిండ పదవిలో నిలిచెను. 2025 నవంబరు 23న అధ్యక్ష ఎన్నిక జరిగి, ఫలితము ప్రకటింపవలసిన దినమునకు ముందునాడు, 26న, సైన్యము అధికారము లాగికొనెను.

ద్వీపమగుటయే కేప్ వెర్డీని కాపాడినదని కొందరందురు. సావ్ తోమెయు ద్వీపమే. అచ్చట 1995లోను 2003లోను సైనికులు లేచిరి. రాజ్యాంగమే కారణమందమా, రెండు దేశములకును పోర్చుగల్ అచ్చువంటిదే, అధ్యక్షుడును ప్రధానియు అధికారము పంచుకొనునదే. ఒకచోట ఆ పంపకము చర్చ, మరియొకచోట కత్తి. జాతిభేదములే మూలమను మాటయు మాకు పూర్తిగా ఒప్పదు. ఇన్ని కుట్రలలోను గినీ గ్రామములలో జాతికి జాతి ఎదురునిలిచి నరుకుకొన్నది లేదు. కుట్రలు బిస్సావు పట్టణమున, బారకాసులలో పుట్టి అక్కడనే ముగియును. మాకు తోచునది ఇది: గినీకి స్వాతంత్ర్యము తెచ్చినది సైన్యము, తెచ్చినవారు తాము లేనిదే రాజ్యము లేదనుకొనిరి. వారిని అదుపున ఉంచుటకు చదువుకొన్న ఉద్యోగివర్గము కావలెను. ఉన్న కొద్దిమంది ద్వీపవాసులను 1980లో పొమ్మనిరి. జీతము లేని సైనికునికి అధికారమే జీతమయ్యెను. 2005 ప్రాంతమునుండి దక్షిణ అమెరికా కొకైను ఆ తీరమున దిగజొచ్చినపుడు ఆ జీతము పెరిగినది.

కేప్ వెర్డీకిని దిగులు లేకపోలేదు. తినునది చాలవరకు ఓడలలో రావలెను. 2020లో యాత్రికులు రాకపోగా దేశపు రాబడి క్రుంగిపోయెను. పడుచువారు నేటికిని వలసపోవుచున్నారు. గినీలో జీడికాయ దిగు కాలమున, మార్చి మొదలు జూన్ వరకు, ఇంటిల్లిపాదియు చెట్లక్రింద గింజ ఏరి, పెక్కుచోట్ల దానిని బియ్యమునకు మార్చుకొందురు. ధర తగ్గిన యేడు ఒకపూట తిండి తగ్గును. వరి పండించు తాతల మనుమలు జీడిగింజ ఇచ్చి ఆసియా బియ్యము కొనుట మాకు బాధ కలిగించినది.

కబ్రాల్ వర్ధంతి జనవరి 20 ఉభయ దేశములకును సెలవుదినము. కేప్ వెర్డీలో ఐరోపా యాత్రికులు దిగు సాల్ ద్వీపపు విమానాశ్రయమునకు ఆయన పేరు పెట్టినారు. ఆయన సమాధి బిస్సావులోని అమురా కోటలో ఉన్నది. ఆ కోట సైన్యపు ప్రధాన స్థావరము. దండ వేయగోరువారు కావలి సైనికుని ఎదుటినుండియే లోనికి పోవలెను.