బందరు కోటను కాచిన అడుసు

అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ మొయినాబాదు ప్రాంతాన్ని ఒరసికొని తూర్పునకు పోతుంది. గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు లేని కాలంలో చేవెళ్ళ, మొయినాబాదు చేలనుండి కొట్టుకొనిపోయిన మట్టి వాడపల్లి వద్ద కృష్ణలో కలిసి సముద్రందాకా పోయేది. అటువంటి ఒండ్రు వేలయేండ్లుగా మేటవేసిన తీరంమీదనే గోలకొండ సుల్తానుల రేవు మచిలీపట్టణం, అనగా మన బందరు, ఉన్నది.

రేవు ప్రాచీనమైనది. క్రీ.శ. మొదటి శతాబ్దపు గ్రీకు నావికగ్రంథమొకటి ఈ ప్రాంతాన్ని 'మసాలియా' అని పేర్కొన్నది. కాని తీరంలో లోతు లేదు. పెద్ద ఓడలు దూరాన లంగరు వేయవలసిందే. వర్తకులను విసిగించిన ఈ మెరకయే కోటకు పెట్టనిగోడ అయినది. చుట్టూ ఊబినేల, అగడ్తలోనికి సముద్రపు పోటు ఎక్కివచ్చేది.

మధ్యధరా తీరాన టైరు నగరానికి కూడ నీరే రక్షణ. అది ద్వీపం. క్రీ.పూ. 332లో అలెగ్జాండరు సముద్రానికి అడ్డంగా కట్టవేసి, ఏడు నెలలు ముట్టడించి దానిని పట్టుకొన్నాడు. ఆ కట్టకు ఇసుక మేటవేయగా టైరు నేలతో కలిసిపోయినది.

బందరు ముందు నిలిచిన కర్నలు ఫోర్డుకు అంత వ్యవధి లేదు. 1758 డిసెంబరులో చందుర్తివద్ద ఫ్రెంచివారిని ఓడించి, విజయనగర ప్రభువు ఆనందగజపతి తోడుతో 1759 మార్చిలో అతడిక్కడికి చేరినాడు. కోటలో కాన్‌ఫ్లాన్స్ అనే ఫ్రెంచి సేనాని ఉన్నాడు. వెనుకనుండి సలాబత్ జంగు సైన్యం వస్తున్నది. ఏప్రిల్ 7 నాటికి తుపాకిమందు రెండు దినాలకు మించి లేదు.

అప్పుడు ఫోర్డు ఫిరంగులకంటె ఆటుపోట్లనే ఎక్కువగా నమ్మినాడు. అగడ్తలో నీరు తగ్గే ఆటువేళ చూచి అర్ధరాత్రికి ముహూర్తం పెట్టినాడు. నైరుతి మూల అడుసు దాటరానిదని లోపలివారి ధీమా. స్థానికులు మాత్రం దానిలో దిగి నడిచేవారు. కెప్టెన్ నాక్స్ కొందరు సిపాయిలతో ఆ దారినే పోయి, ఉత్తుత్తి దాడితో కలకలం లేపినాడు. కాన్‌ఫ్లాన్స్ ఏ దిక్కునకు పరుగెత్తవలెనో తెలియక తికమకపడుచుండగా అసలు దండు ఈశాన్యపు బురుజు ఎక్కినది. తెల్లవారేసరికి కోట లొంగినది. పట్టుబడినవారు పట్టుకొన్నవారికంటె ఎక్కువమంది!

కొద్ది దినాలకే ఫ్రెంచి సహాయపు ఓడలు వచ్చినవి కాని లాభం లేకపోయినది. మే 14న సలాబత్ జంగు సంధి చేసికొని, బందరును చుట్టుప్రక్కల సీమలను కంపెనీకి వదలుకొన్నాడు.

ఫిరంగులను నిలువరించిన ఆ పల్లపునేల సముద్రాన్ని ఆపలేదు. 1864 నవంబరు 1 రాత్రి తుపాను ఉప్పెన సుమారు 30,000 మందిని పొట్టబెట్టుకొన్నది. తరువాత కోటలోని దండును ఎత్తివేసినారు.