చైనా సిరారాళ్ల కాలనిర్ణయం: సంతకం సాక్ష్యమవుతుందా?

కుంచె, సిరాకడ్డీ, కాగితం, సిరారాయి – చైనా సంప్రదాయం వీటిని పండితుని ‘నాలుగు నిధులు’గా పరిగణించింది. వీటిలో వాడకానికి తట్టుకొని తరతరాలు నిలిచేది సిరారాయి. అందుకే సేకర్తల ఆసక్తితోపాటు నకిలీల తయారీ కూడా దాని చుట్టూ పెరిగింది.

గ్వాంగ్‌డాంగ్‌లోని జావోచింగ్ గనులలో లభించే ఊదారంగు ‘దువాన్’ రాయి తాంగ్ యుగం నుండి ప్రసిద్ధం. కొన్ని రాళ్లలో సహజంగా కనిపించే గుండ్రని మచ్చలను ‘కన్నులు’ అంటారు. ఇవి రాయి పుట్టుకను సూచిస్తాయే గాని చెక్కిన కాలాన్ని చెప్పవు. అడుగున చేయి దూరేలా తొలిచిన నమూనా సోంగ్ యుగానికి చెందినదే అయినా, తరువాతి శిల్పులు దానిని అనుకరించారు.

సంతకం మరింత చిక్కైన ఆధారం. 18వ శతాబ్ది తొలినాళ్లలో సూజో నగరంలో గూ అర్నియాంగ్ అనే శిల్పకారిణి పేరుగాంచింది. హువాంగ్ రెన్ వంటి సేకర్తలు ఆమె పనితనాన్ని ఆదరించారు. నేడు ఆమె పేరు చెక్కిన రాళ్లు అనేకం ఉన్నా వాటి శైలులకు పొంతన కుదరదు. డొరొతీ కో 2017లో ప్రచురించిన గ్రంథం ఈ సమస్యను విపులంగా చర్చించింది.

శాసన పరిశోధకులు తామ్రపత్రంలోని తేదీని లిపితో సరిచూస్తారు. ఇక్కడ కూడా రాయి, రూపం, ఉలిజాడలు, అరుగుదల, యాజమాన్య చరిత్ర అన్నీ పరిశీలించిన తరువాతే సంతకాన్ని చదవాలి. పేరుకే వెలకడితే నష్టపోయేది కొనుగోలుదారు మాత్రమే కాదు. నకిలీల నడుమ ఆ శిల్పకారిణి అసలు పనితనమే చరిత్రకు అందకుండా పోతుంది.