రంప మన్యములో మిత్రరాజ్యపు సేన

మిత్రుడు పిలిచినాడను ఒక్క కారణముచే పరుల గడ్డపై సేన దింపవచ్చునా? 1956లో సోవియట్ సేనలు హంగరీలో ప్రవేశించినపుడు, అచటి ప్రభుత్వమే పిలిచినదను సమాధానము వినవచ్చెను. అట్టి పిలుపు అంతకు చాలకాలము ముందే మన రంపచోడవరపు కొండలలో ఒకసారి వినబడినది.

1800 సంవత్సరపు సంధితో నిజామును, కుంపిణీయును పరస్పర రక్షణకు కట్టుబడిరి. అందు పదునేడవ షరతు చదువదగినది. గద్వాల, సురపురము జమీందారులవంటివారు సర్కారుకు చెల్లింపవలసినది చెల్లింపక తిరుగబడినచో కుంపిణీ సేన నిజామునకు తోడు రావలెను. కాని నేరము నిజమని ముందుగా నిర్ధారణ కావలెను. బలవంతులు వ్రాసికొన్న పత్రములో ఇంత మంచి మాట దొరలుట అరుదు.

79 ఏండ్లకు సాయము ఎదురు దిక్కున నడచెను. 1879 మార్చిలో రంపలో తిరుగుబాటు చెలరేగి, గొలుగొండ, రేకపల్లి కొండలకు ప్రాకెను. మద్రాసు ప్రభుత్వము ఆరు పదాతి పటాలములను, కొంత అశ్వదళమును, రెండు కంపెనీల సాపర్లను పంపి, అవియు చాలక హైదరాబాదు కంటింజెంటునుండి మరియొక పటాలమును రప్పించెను. ఆ కంటింజెంటు అధికారులు ఆంగ్లేయులు. దాని ఖర్చునకై బీరారును 1853లోనే నిజాము ఆంగ్లేయులకు అప్పగించియుండెను. ఇక ఆ మిత్రుని స్వేచ్ఛ యెంతటిదో శ్రోతలే ఊహింపగలరు.

ఇంతకును కొండవారి నేరమేమి? కల్లు వారికి విలాసము కాదు, వేసవిలో సగము ఆహారము. దానిపై మన్సబుదారు చిగురుపన్ను వేసెను. కొత్త అబ్కారీ నిబంధనలు ఇంటి వాడుకకు చెట్టు గీయుటనే కాదనెను. పల్లపు వర్తకులు అప్పులకు కోర్టు డిక్రీలు తెచ్చి పశువులను తోలుకొనిపోవుచుండిరి.

ఠాణాలు తగులబడుచుండగా ప్రభుత్వము చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా యని అడుగవచ్చును. అక్కరలేదు. ఠాణాను కాచుటకు పోలీసు గలదు, సొంత పటాలములు గలవు. సంధితో సంబంధమే లేని జనముపై పొరుగువాని తుపాకి నెక్కుపెట్టుటకు మాత్రము అంతకు మించిన కారణము కావలెను. ఆ జనము మొర నెవరో ఒకరు మునుముందే వినియుండవలెను. గద్వాల జమీందారునకు కాగితముపైనైన దక్కిన ఆ మర్యాద రంప ముఠాదారులకు దక్కలేదు.

విచారణ జరుగకపోలేదు, సేనలు దిగిన పిమ్మట జరిగెను. రెవెన్యూ బోర్డు సభ్యుడు సల్లివన్ మన్సబుదారుని దుష్పరిపాలనను, కల్లు నిబంధనలను, వర్తకుల డిక్రీలను తిరుగుబాటునకు హేతువులుగా తేల్చెను. మన్సబుదారును తొలగించి, ముఠాదారులకు సనదు లిచ్చిరి. ద్వారబంధాల చంద్రయ్యయు, తమ్మన్నదొరయు 1880లో హతులైరి.