క్రీ.శ. 1415: కాన్‌స్టన్స్ మహాసభలో సంస్కరణ, శిక్ష

సంఘ చరిత్ర తరగతులలో 1517కు ఇచ్చే స్థానం 1415కు ఇవ్వము. జాన్ హస్‌ను దహించిన సంవత్సరమని ఒక్క మాట చెప్పి ముందుకు సాగిపోతాము. అయితే ఆ యేటి సంఘటనలను తేదీల క్రమంలో చదివితే ఒక ఇబ్బందికరమైన సత్యం బయటపడుతుంది. హస్‌కు తీర్పు తీర్చినది సంస్కరణను కోరి సమకూడిన మహాసభే.

1378 నుండి పాశ్చాత్య సంఘం చీలిపోయి ఉంది. 1415 నాటికి పోపు పదవి తమదేనన్నవారు ముగ్గురు: 12వ గ్రెగొరీ, 13వ బెనెడిక్ట్, 23వ జాన్. (1958లో ఇదే పేరు స్వీకరించిన పోపు వేరు, విద్యార్థులు పొరబడకూడదు.) జర్మనీ రాజు సిగిస్మండ్ ఒత్తిడిపై జాన్ ఈ సభను పిలిచాడు. తన పదవికే ముప్పు వచ్చేసరికి మార్చిలో మారువేషంలో పారిపోయాడు. సభ చెదరలేదు. తన అధికారం నేరుగా క్రీస్తు నుండి వచ్చినదనీ, పోపు సైతం దానికి లోబడవలసిందేననీ ఏప్రిల్ 6న తీర్మానించింది. మధ్యయుగంలో ఇంతటి సాహసోపేతమైన తీర్మానం మరొకటి అరుదు. మే 29న జాన్‌ను పదవీచ్యుతుణ్ణి చేసింది. జూలై 4న గ్రెగొరీ రాజీనామా చేశాడు.

సరిగ్గా రెండు రోజుల తరువాత, జూలై 6న, హస్‌ను సజీవంగా దహించి, బూడిదను రైన్ నదిలో కలిపారు.

హస్ సిగిస్మండ్ ఇచ్చిన అభయపత్రంతో 1414 నవంబరులో అక్కడికి వచ్చినవాడు. నెల తిరగకుండానే ఖైదయ్యాడు. ఆ తరువాత ఆయనను గొట్లీబెన్ కోటలో బంధించారు. పట్టుబడిన పోపు జాన్‌నూ ఆ యేడే అదే కోటలో ఉంచారు! 1384లో మరణించిన విక్లిఫ్‌ను సభ మే 4న దోషిగా ప్రకటించడంతో, ఆయన రచనలను ఆదరించిన హస్‌పై తీర్పు ఎటు మొగ్గుతుందో తెలిసిపోయింది. లేఖనం ద్వారా తన తప్పు చూపితే ఒప్పుకుంటానన్నాడు హస్. తాను బోధించనివాటిని కూడా బోధించినట్లు ఒప్పుకొని విడిచిపెట్టడం అబద్ధమౌతుందన్నాడు. సభ కోరినది విధేయత. పోపు కంటే తానే పైనని నిర్ణయించుకున్న సభ, తన మాటను ప్రశ్నించే స్థానాన్ని ఎవరికీ మిగల్చలేదు.

బయటి ప్రపంచం ఆగలేదు. ఆగస్టు 21న పోర్చుగీసువారు ఆఫ్రికా తీరాన సెయూటాను పట్టుకున్నారు. వారి నౌకలు 1498లో కాలికట్ చేరుకోవడానికి దారితీసిన సముద్ర విస్తరణకు అది తొలి అడుగు. అక్టోబరు 25న అజింకూర్ వద్ద ఇంగ్లండు సేన ఫ్రెంచివారిని ఊచకోత కోసింది. ఆ రెండు దేశాల ప్రతినిధులూ మాత్రం అప్పుడు కాన్‌స్టన్స్‌లో ఒకే సభలో కూర్చొని సంఘ ఐక్యతను చర్చిస్తున్నారు.

బొహీమియాలో వివాదం ప్రభురాత్రి భోజనపు బల్ల దగ్గర రగులుకుంది. 1414 చివరలో ప్రాగ్‌లో విశ్వాసులకు రొట్టెతోపాటు పాత్రను కూడా ఇవ్వనారంభించారు. జూన్ 15న సభ దానిని నిషేధించింది. హస్ మరణవార్త విని, సెప్టెంబరు 2న, బొహీమియా, మొరావియా ప్రభువులు 452 మంది సభకు నిరసన లేఖ వ్రాసి తమ ముద్రలు వేశారు. తరువాతి యుద్ధాలలో హస్ అనుచరులను క్రూసేడులు లొంగదీయలేకపోయాయి. బాసెల్ మహాసభతో కుదిరిన ఒడంబడిక 1436లో ప్రకటింపబడినప్పుడు, బొహీమియా విశ్వాసులు ఆ పాత్రను పుచ్చుకొనడానికి అనుమతి లభించింది.