అంధులును చలనచిత్రమును

కన్నులు లేనివారికి సినిమాతో నేమి పని యని యడుగువారు మనలో లేకపోలేదు. ఈ ప్రశ్నకు చలనచిత్ర చరిత్రయే యుత్తరము చెప్పుచున్నది.

మూకీచిత్రముల కాలమున కథయంతయు బొమ్మలలోను, నడుమ నడుమ జూపు వ్రాతలలోను నుండెడిది. అయినను నాటి ప్రదర్శనశాలలు మౌనముగా నుండలేదు. జపానుదేశమున ‘బెన్షి’ యనబడు కథకుడు తెరప్రక్కన నిలిచి పాత్రల మాటలను, సన్నివేశములను వినిపించుచుండెను. మనదేశమునను చదువురాని ప్రేక్షకులకై తెరమీది వ్రాతలను బిగ్గరగా జదివి చెప్పువారుండిరి. ఈ యేర్పాటు అంధులకొరకు జేసినది కాకున్నను వారికిని నక్కరకు వచ్చునదియే. 1927లో అమెరికాయందు ‘ది జాజ్ సింగర్’, 1932లో మన ‘భక్త ప్రహ్లాద’ వెలువడెను. తెర తానే మాటాడ నేర్చినపిమ్మట కథకునితో పని తీరెను. టాకీవలన అంధునకు సంభాషణలు, పాటలు దక్కినవి. మాటలేక చూపు ఘట్టములు మాత్రము దక్కలేదు.

ఈ లోపమును గుర్తించినవారిలో శాన్‌ఫ్రాన్సిస్కోకు జెందిన గ్రెగరీ ఫ్రేజియర్ యొకడు. ఆయన యొకనాడు టెలివిజనులో ‘హై నూన్’ చిత్రమును జూచుచు, ప్రక్కనున్న యంధమిత్రునకు తెరమీద జరుగుదానిని చెప్పెనట. పగతుడు వచ్చు మధ్యాహ్నపు రైలునకై ఊరెల్ల నెదురుచూచు ఘట్టమున మాటలు లేవు. గడియారములు, ముఖములు, నిర్జనమైన వీథి, ఇవియే కథ. చెప్పువాడు లేనిచో వినువానికి మిగులునది వాద్యధ్వని మాత్రమే. 1975లో ఫ్రేజియర్ ఈ విషయమునుగూర్చియే విశ్వవిద్యాలయ పట్టమునకై సిద్ధాంతవ్యాసమును వ్రాసెను.

1981లో వాషింగ్టన్ నగరమున షా రచించిన ‘మేజర్ బార్బరా’ నాటకమును అంధప్రేక్షకులకు వర్ణించి చెప్పించిన మార్గరెట్ ఫాన్‌స్టీల్ తానే చూపు గోల్పోయిన స్త్రీ. కావున ఈ విద్య యొరులు దయదలచి యిచ్చినది మాత్రమే కాదు, కావలసినవారు కల్పించుకొన్నది. దాని నియమములును గమనింపదగినవి. సంభాషణమున కడ్డురాక, మాటకును మాటకును నడుమనున్న యెడములో వర్ణన ముగియవలెను. కనబడుదానినే చెప్పవలెను. ‘ఆమె దుఃఖించెను’ అనరాదు. ‘మొగము త్రిప్పుకొని కన్నులు తుడుచుకొనెను’ అనవలెను. అందలి దుఃఖమును గ్రహించు బుద్ధి శ్రోతకును గలదు.

మనదేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము దృశ్యమాధ్యమములకు శ్రవణవర్ణనము నుండవలెనని చెప్పెను. 2023 జనవరిలో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము ‘పఠాన్’ చిత్రమును ఓటీటీలో విడుదల చేయుటకు వర్ణనమును సిద్ధపరుపుమని నిర్మాతల నాదేశించెను. 2024 మార్చిలో కేంద్రప్రభుత్వము సినిమాశాలలకును మార్గదర్శక సూత్రములను ప్రకటించెను.

ధృతరాష్ట్రునకు సంజయుడు యుద్ధమును వర్ణించెనని మనమందఱ మెఱుగుదుము. ఆ రాజు సంజయుని పదేపదే యడిగినది జరిగినదేమి యనియే గాని జాలిమాటలు గావు. మన యిండ్లలో చూపు మందగించిన పెద్దలను ‘మీకేమి కనబడును’ అని యింట విడిచి సినిమాకు బోవుట పరిపాటియైనది. వారిని వెంటగొనిపోయి, ప్రక్కన గూర్చుండి, తెరమీది సంగతిని నాలుగు ముక్కలలో మెల్లగా చెప్పుటకు ఏ ప్రభుత్వపు టుత్తరువు కొఱకును వేచియుండ నక్కఱలేదు.